మందుల చీటీ చూపి విడదీసిన తల్లుల తరఫున అధికారులకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు జిల్లాల కలెక్టర్లకు, వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖల అధికారులకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల కార్యదర్శులకు, మా ఊళ్ళలో పంచాయితీలు చేసే పెద్దమనుషులకు నమస్కారాలు.

నేను హనుమకొండలో ఉంటూ ప్రభుత్వ పాఠశాలలో తెలుగు బోధిస్తున్న ఉపాధ్యాయురాలిని. బైపోలార్ రుగ్మతతో, అంటే మనసు కొన్నాళ్ళు అతి హుషారుకూ కొన్నాళ్ళు అతి దిగులుకూ మారే జబ్బుతో, జీవిస్తున్న ఒక స్త్రీకి అక్కను. మా చెల్లె పేరు గానీ, ఊరి పేరు గానీ, మా అర్జీలు తీసుకున్న కార్యాలయాల పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు. ఒక కార్యాలయాన్ని నిలదీయడానికి ఈ లేఖ రాయలేదు. మా ఇంట్లో జరిగినటువంటిదే మరెన్నో ఇళ్ళలో జరుగుతున్నదని దవాఖాన వరండాల్లో కూర్చున్న ఈ పదకొండేళ్ళలో తెలుసుకున్నాను కాబట్టి, మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

2014 అక్టోబరులో మా చెల్లె రెండో కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. కొడుకు పుట్టాడు. తొమ్మిదో రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు, మాట ఆగలేదు, తన బిడ్డను ఎవరో మార్చేశారని అనుమానం మొదలైంది. బాలింతకు గాలి తాకిందన్నారు. నిమ్మకాయలు తిప్పారు, తాయెత్తు కట్టారు. చదువుకున్నదాన్నయి ఉండీ పది రోజులపాటు నేను కూడా కాదనలేకపోయాను. ఒక తెల్లవారుజామున ఆమె పసివాడిని ఎత్తుకొని బావి దగ్గర కూర్చొని కనిపించిన తర్వాతే దవాఖానకు తీసుకువెళ్ళాం. ప్రతి వెయ్యి కాన్పులలో ఒకరికో ఇద్దరికో ఇలా జరుగుతుందని, చాలావరకు మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుందని, ఇది గుర్రపువాతం వచ్చినంత అత్యవసరమైన స్థితి అని, వెంటనే చికిత్స చేస్తే చక్కగా తగ్గిపోతుందని వైద్యులు చెప్పారు. వాళ్ళు చెప్పినట్టే తగ్గింది. ఇరవై ఆరు రోజులు దవాఖానలో ఉండి ఇంటికి వచ్చింది. ఉగాది నాటికి అత్తగారింటికి తిరిగి వెళ్ళి రెండేళ్ళకు పైగా కాపురం చేసుకుంది, పత్తి చేనుకు వెళ్ళింది, పెద్ద కూతురిని బడికి పంపింది.

2017 వేసవిలో చేతులు వణుకుతున్నాయని మందులు ఆపేసింది. మళ్ళీ అనారోగ్యం వచ్చింది. జూలైలో ఆమెను ఒక్కదాన్నే తల్లిగారింటికి పంపించారు. ఆ డిసెంబరులో పెద్దమనుషులు కూర్చున్నారు. మా చెల్లె మందుల చీటీ చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్ళింది. అందులో ఏమి రాసి ఉన్నదో చదవగలిగినవారు అక్కడ ఒక్కరూ లేరు. అయినా ఆ చీటీ మీదే పంచాయితీ తెగింది. విడిపోతున్నట్టు రాసిన ఒక కాగితం మీద మా నాన్న సంతకం, మా చెల్లె వేలిముద్ర తీసుకున్నారు. తన సంతకం తాను చేయగల మనిషి చేత వేలిముద్ర ఎందుకు వేయించారని ఆ రోజు నేను అడగలేకపోయాను. పిల్లలిద్దరూ తండ్రి దగ్గరే ఉండిపోయారు. ఆ తర్వాత ఆమె కూతురిని రెండుసార్లు చూసింది: 2018 సద్దుల బతుకమ్మ నాడు ఒకసారి, 2021లో మా నాన్న చనిపోయిన రోజు ఒకసారి. కొడుకును ఒక్కసారి కూడా చూడలేదు.

2019లో, 2022లో, 2024లో మూడు అర్జీలు పెట్టాము. పిల్లలను నెలకు ఒకసారి చూపించే ఏర్పాటు చేయమని తప్ప మరేదీ అడగలేదు. మొదటిసారి, ఇది కుటుంబ విషయం, మీరే మాట్లాడుకోండి అన్నారు. రెండోసారి, మానసిక రోగి సంతకం చెల్లదు, తండ్రి చేత పెట్టించండి అన్నారు. అప్పటికి తండ్రి లేడు. మూడోసారి పెట్టిన అర్జీకి రసీదు ఇచ్చారు. ఆ రసీదు తప్ప ఇంతవరకు సమాధానం రాలేదు. అందుకే ఈ లేఖ. కింది విషయాలను దయచేసి ఓపికగా చదవండి.

1. చీటీ తీర్పుగా మారుతున్నది. మన దగ్గర ఆడపిల్లకు జబ్బు ఉన్నదని తెలిస్తే పెళ్ళికి ముందు దాచిపెడతారు, పెళ్ళి తర్వాత బయటపడితే అదే నేరమవుతుంది. లేని మాటలు వినిపించడం, లేని అనుమానాలు కలగడం ఉండే స్కిజోఫ్రీనియా వంటి జబ్బులు స్త్రీలలో సాధారణంగా పురుషుల కంటే కొన్నేళ్ళు ఆలస్యంగా, ఇరవైలు దాటుతున్న వయసులో కనిపిస్తాయి. మన ఊళ్ళలో ఆ వయసుకు ఆడపిల్లకు పెళ్ళయి, పిల్లలు పుట్టి ఉంటారు. కాబట్టి దాచిపెట్టి పెళ్ళి చేశారన్న నింద చాలా సందర్భాల్లో నిజం కాదు. దాచడానికి అప్పటికి జబ్బే లేదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కూడా జబ్బు పేరు చూసి విడాకులు ఇవ్వమనలేదు. అవతలివారు కలిసి బతకడం న్యాయంగా ఆశించలేనంత తీవ్రమైన రుగ్మత అయి ఉండాలని చెప్పింది. స్కిజోఫ్రీనియా అన్న ముద్ర ఒక్కటే చాలదని, తీవ్రతను రుజువు చేయాలని సుప్రీం కోర్టు 1988లో చెప్పింది. 2013లో వైద్యులైన తెలుగు దంపతుల కేసులో అదే మాటను మళ్ళీ చెప్పి, భార్య చికిత్స పొందుతూ ప్రభుత్వ వైద్యురాలిగా పనిచేస్తున్న విషయాన్ని లెక్కలోకి తీసుకొని, భర్తకు విడాకులు నిరాకరించింది. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం సాక్షులను, వైద్య నివేదికలను తూచి చూసిన తర్వాత గానీ తేల్చని విషయాన్ని మా ఊరి చెట్టు కింద ఒక సాయంత్రంలో తేల్చేశారు. ఆచారం ప్రకారం విడాకులు ఉన్నాయని కోర్టులో రుజువు చేయగలిగిన సందర్భాల్లో తప్ప, విడుపు కాగితానికి చట్టంలో విలువ లేదు. ఆ సంగతి తెలియక ఎందరో ఆడవాళ్ళు తాము భార్యలం కామనే అనుకొని, మనోవర్తి అడగడం మానేసి, అన్నదమ్ముల ఇళ్ళలో ఒక మూల బతుకుతున్నారు.

సంతకం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, ఒకరికి మానసిక అనారోగ్యం ఉన్నదని నిర్ధారించినంత మాత్రాన వారికి మతిస్థిమితం లేదని అర్థం కాదు. అలా ప్రకటించే అధికారం న్యాయస్థానానికే ఉన్నది. మా చెల్లె విషయంలో ఏ న్యాయస్థానమూ అలా చెప్పలేదు. ఆమె సంతకం చెల్లుతుంది. విచిత్రమేమిటంటే, హక్కులు వదులుకునే కాగితం మీద ఆమె వేలిముద్ర చెల్లింది గానీ, పిల్లలను చూపించమన్న అర్జీ మీద ఆమె సంతకం చెల్లలేదు.

2. పిల్లలు. అధికారులు మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్క విషయం మీద నిలబడాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

బావి దగ్గర కూర్చున్న ఆ తెల్లవారుజామును నేను దాచలేదు. ఆ రోజుల్లో పసివాడిని ఆమె దగ్గర ఒంటరిగా వదలకపోవడం సరైన పనే. ఆమె అత్తగారు రాత్రులు మేలుకొని ఆ బిడ్డను సాకింది. ఆ మేలు మేము మరిచిపోలేదు, మరిచిపోము. అయితే ఆ ప్రమాదం ఎన్నాళ్ళు ఉంటుంది, ఎవరు చూసి చెప్పాలి, తగ్గిన తర్వాత ఏమి చేయాలి అన్న ప్రశ్నలకు అదే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సమాధానాలు ఉన్నాయి. చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్ళ లోపు బిడ్డను సాధారణంగా విడదీయకూడదని 21వ సెక్షన్ చెబుతున్నది. బిడ్డకు ముప్పు ఉన్నదని వైద్యుడు భావిస్తే తాత్కాలికంగా విడదీయవచ్చు. అప్పుడు కూడా ఎవరో ఒకరి పర్యవేక్షణలో తల్లికి బిడ్డను చూపిస్తూ ఉండాలి. ఆ నిర్ణయాన్ని ప్రతి 15 రోజులకు ఒకసారి మళ్ళీ పరిశీలించాలి. వరుసగా 30 రోజులు దాటితే పైఅధికార సంస్థ అనుమతి ఉండాలి. జబ్బు ముదిరి దవాఖానలో ఉన్న తల్లి విషయంలోనే చట్టం పదిహేను రోజుల లెక్కన ఆలోచించింది. జబ్బు తగ్గి, వంట చేసుకుంటూ, కూలికి వెళుతూ, వేళకు మందులు వేసుకుంటూ ఇంట్లో ఉన్న తల్లిని ఎనిమిదేళ్ళుగా బిడ్డలకు దూరంగా ఉంచినప్పుడు ఆ లెక్క చూసేవారు ఒక్కరూ లేరు. దవాఖాన లోపల ఉన్న రక్షణ దవాఖాన గేటు దాటగానే పోతే, ఇక ఇంటికి రావడం వల్ల ఆ తల్లికి ఏమి ఒరిగినట్టు?

ఈ ఎడబాటు ఎలా మొదలవుతుందో చెబుతాను. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం అనే మందు వాడుతున్నందువల్ల బిడ్డకు పాలు ఇవ్వవద్దని వైద్యులు సలహా ఇచ్చారు. ఆ సలహా ఇల్లు చేరేసరికి బిడ్డను ముట్టవద్దన్న ఆంక్షగా మారింది. పోతపాలు పట్టవచ్చు, స్నానం చేయించవచ్చు, పక్కన కూర్చొని నిద్రపుచ్చవచ్చు అని చెప్పడానికి ఎవరికైనా రెండు నిమిషాలు పట్టేది. ఎవరూ చెప్పలేదు. తర్వాత బిడ్డ ఏడిస్తే నాయనమ్మ దగ్గరికే వెళ్ళడం అలవాటైంది. చూశారా, బిడ్డకు కూడా తల్లి అంటే భయమే అని పంచాయితీలో అన్నది దీన్నే.

పిల్లల వైపు నుంచి కూడా ఆలోచించండి. మా చెల్లె కూతురికి ఇప్పుడు పదిహేనేళ్ళు. తోటి పిల్లలు ఎర్రగడ్డ బిడ్డ అని పిలుస్తారట. మా చెల్లె ఎర్రగడ్డ ఆసుపత్రి గేటు కూడా చూడలేదు. హైదరాబాదులోని మానసిక రోగుల దవాఖాన ఉన్న చోటు పేరు తెలంగాణలో తిట్టుగా మారిపోవడం వల్ల ఆ పిల్లకు ఆ పేరు వచ్చింది. తనకు కూడా ఆ జబ్బు వస్తుందా అని ఆ పిల్ల మా నాన్న దినకర్మల నాడు నన్ను పక్కకు పిలిచి అడిగింది. తల్లికో తండ్రికో ఇటువంటి జబ్బు ఉంటే సుమారుగా పదిమంది పిల్లల్లో ఒకరికి రావచ్చునని, మిగిలినవారికి రాదని వైద్యులు చెబుతారు. ఆ మాట అప్పటికి పదకొండేళ్ళున్న ఆ పిల్లకు వైద్యులో, కౌన్సెలరో, తల్లో చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఆ పిల్ల తన ప్రతి కోపాన్నీ, ప్రతి నిద్రలేని రాత్రినీ జబ్బుగా లెక్కపెట్టుకుంటూ పెరుగుతుంది.

3. మందులను ఆడవారి బతుకుతో కలిపి చూసేవారు లేరు. మందులు మానేసిందన్నది మా చెల్లె మీద పడిన పెద్ద నింద. ఆమె ఎందుకు మానేసిందో ఎవరూ అడగలేదు. లిథియం వాడేవారు నీళ్ళు తక్కువ తాగినా, చెమట ఎక్కువ పోసినా రక్తంలో ఆ మందు పరిమాణం పెరిగి చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఒళ్ళునొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మందులు కూడా దాన్ని పెంచుతాయి. వరంగల్ మే నెల ఎండలో పనికి వెళ్ళే ఆడమనిషి, శనివారం ఒక్కపొద్దు ఉండే ఆడమనిషి, ఒళ్ళునొప్పులని ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునే ఆడమనిషి ఈ మందు వాడుతున్నప్పుడు ఈ సంగతులు తెలియకుండా ఎలా బతుకుతుంది? కొన్ని నెలలకొకసారి రక్తపరీక్ష చేయించాలి. ఆ పరీక్ష కోసం మా చెల్లె ఒక రోజు కూలి, రానుపోను బస్సు చార్జీ పోగొట్టుకొని నగరానికి రావలసి వచ్చేది. ఇప్పుడు ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కావడం వల్ల చార్జీ బాధ తప్పింది, కూలి బాధ తప్పలేదు.

మరికొన్ని విషయాలు ఆడవారు బయటికి చెప్పుకోలేరు. రిస్పెరిడోన్ వంటి మందులతో నెలసరి ఆగిపోవచ్చు. అత్తగారింట్లో దాన్ని గర్భమనుకుంటారు, కాదని తేలిన తర్వాత గొడ్రాలంటారు, ఇంకొందరు అంతకంటే హీనంగా అనుమానిస్తారు. ఓలంజపిన్‌తో ఒళ్ళు వస్తుంది, తిని కూర్చుంటున్నదంటారు. వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు గట్టి హాని చేయగల మందు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీకి అది రాసేటప్పుడు గర్భం గురించి, గర్భనిరోధం గురించి తప్పనిసరిగా మాట్లాడాలి. ఓపీ గదిలో ఒక్కో మనిషికి దొరికే రెండు మూడు నిమిషాలలో, పక్కన మరిదో మామో నిలబడి ఉండగా, ఈ మాటలు మాట్లాడుకోవడం ఎలా కుదురుతుంది? వైద్యులను తప్పుపట్టడం లేదు. వారి ముందున్న వరుస ఎంత పొడవో నేను చూశాను. ఆ గదిలో స్త్రీతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడే మనిషి ఒకరు కావాలంటున్నాను.

4. తల్లిగారిల్లు శాశ్వతం కాదు. పంపించివేసిన ఆడపిల్లలను తల్లిదండ్రులు కళ్ళలో పెట్టుకొని చూస్తారు. వాళ్ళ తర్వాత ఎవరు? మా నాన్న చివరి నెలలో తన జబ్బు గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఈ పిల్ల ఎట్లా అనే అడిగాడు. మా తమ్ముడు మంచివాడే. అయితే అతనికీ ఇద్దరు ఆడపిల్లలున్నారు, మేనత్తకు పిచ్చి అన్న మాట వారి సంబంధాలకు అడ్డు వస్తుందని మా మరదలు భయపడుతున్నది. ఆ భయం అబద్ధం కాదు. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేను కూడా నా ఇంటికి పెళ్ళివారు వచ్చిన రోజు మా చెల్లెను వేరే గదిలో కూర్చోమన్నాను. ఆమె కూర్చుంది. ఆ పని చేసినందుకు ఇప్పటికీ నా మనసు కుదుటపడలేదు.

ఆస్తి విషయంలో ఇటువంటి స్త్రీలకు జరిగే అన్యాయం మరీ నిశ్శబ్దంగా జరుగుతుంది. జబ్బు ఉన్నంత మాత్రాన వారసత్వ హక్కు పోదని హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. అయినా పట్టాదారు పాసుపుస్తకాల్లో అన్నదమ్ముల పేర్లు ఎక్కేటప్పుడు, నీకెందుకమ్మా, నిన్ను మేమే చూసుకుంటాం కదా అన్న ఒక్క మాటతో ఆమె వాటా పోతుంది. అదే విధంగా గృహహింస చట్టం 2005 ప్రకారం భార్యకు అత్తగారింట్లో నివసించే హక్కు ఉన్నది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్ళి, కుటుంబం వదిలేసిన వ్యక్తికి కుటుంబ గృహంలో ఉండే హక్కును సాధించుకోవడానికి ప్రభుత్వం న్యాయసహాయంతో సహా తోడ్పడాలని చెప్పింది. ఇది కుటుంబ విషయం అని మాకు మొదటి అర్జీ నాడు చెప్పిన సమాధానం ఈ సెక్షన్‌కు నేరుగా విరుద్ధం.

ధ్రువీకరణ పత్రం సంగతి కూడా ఆలోచించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని వైకల్యాల జాబితాలో మానసిక అనారోగ్యం కూడా ఉన్నది. స్వీయ సంరక్షణ, మనుషులతో మెలగడం, మాటలను అర్థం చేసుకొని బదులివ్వడం, పని చేయడం అన్న నాలుగు అంశాలనూ జబ్బు ఎన్నాళ్ళుగా ఉన్నదన్నదాన్నీ చూసి శాతం నిర్ణయిస్తారు. 40 శాతం ఉంటే నెలకు 4,016 రూపాయల పింఛనుకు అర్హత వస్తుంది. మా చెల్లె వంటివారికి ఆ డబ్బు చాలా పెద్దది. అయితే ఆ పత్రం తీసుకుంటే, ప్రభుత్వమే పిచ్చిదని రాసి ఇచ్చిందని దాన్నే కోర్టులో చూపిస్తారని భయపడి ఆమె దరఖాస్తు పెట్టలేదు. తిండి కావాలో పిల్లలు కావాలో తేల్చుకోవలసిన స్థితిలోకి ఒక తల్లిని నెట్టడం న్యాయం కాదు.

5. నిలబడిన కుటుంబాలు ఉన్నాయి. భార్యకు మందులు తానే గుర్తుచేసి వేయించే భర్తలను, కోడలిని చేయి పట్టుకొని ఓపీకి తీసుకువచ్చే అత్తలను నేను చూశాను. వారిలో ఒకరిని, మీకు ఇంత ధైర్యం ఎక్కడిదమ్మా అని అడిగితే, మొదటి రోజే డాక్టరమ్మ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది అన్నది. ఆ గంట మా చెల్లె భర్తకు దొరకలేదు. అతను భయపడ్డాడు. భార్య ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గాలిలోకి చూసి మాట్లాడితే భయపడని భర్త ఎవరు? ఆ భయం మీద మొదట చేయి వేసినవారు పంచాయితీ పెద్దలు అయ్యారు. ఆ చేయి ఆరోగ్య శాఖది అయి ఉంటే కథ వేరేగా ఉండేదని నా నమ్మకం.

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 2015-16 ప్రకారం దేశంలో వయోజనులలో దాదాపు 0.8 శాతం మంది తీవ్ర మానసిక రుగ్మతలతో ఉన్నారు. శాతంగా చిన్నదిగా కనిపించే ఈ సంఖ్యను మీ మీ జిల్లాల జనాభాతో గుణించి చూడండి, అందులో ఆడవారెందరో అంచనా వేయండి, వారిలో ఎందరు ఇప్పుడు తమ పిల్లలతో ఉన్నారో మీ దగ్గర లెక్క ఉన్నదేమో చూడండి.

పై విషయాల ఆధారంగా మేము కోరుతున్నవి ఇవి:

1. న్యాయ సేవాధికార సంస్థలకు: ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే అర్హతను 1987 నాటి చట్టమే ఇచ్చింది. మానసిక అనారోగ్యం ఉన్న స్త్రీ తానే సంతకం చేసి ఇచ్చిన అర్జీని తీసుకోవాలని, తండ్రినో అన్ననో తెమ్మని తిప్పి పంపవద్దని మీ కింది సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. దవాఖానలో మానసిక విభాగం ఓపీ నడిచే రోజుల్లో ఒక మహిళా న్యాయవాదిని అక్కడ కూర్చోబెట్టండి.

2. మహిళా శిశు సంక్షేమ శాఖకు: పిల్లలకు దూరమైన తల్లుల అర్జీలు వచ్చిన 15 రోజుల్లోగా ఒక అధికారి రెండు ఇళ్ళకూ వెళ్ళి మాట్లాడాలి. కోర్టు కేసు తేలేవరకు ఆగకుండా, ఆపదలో ఉన్న స్త్రీలకు సాయపడే సఖి కేంద్రంలో గానీ అంగన్‌వాడీలో గానీ, అవసరమైతే మరొకరి సమక్షంలో, నెలకు కనీసం రెండుసార్లు తల్లి బిడ్డలను కలిసే ఏర్పాటుకు ఇరుపక్షాలనూ ఒప్పించాలి. తండ్రి, నాయనమ్మల భయాలను కూడా అక్కడే వినాలి. పిల్లలకు తల్లి జబ్బు గురించి వారి వయసుకు తగిన మాటల్లో చెప్పే కౌన్సెలర్ ఉండాలి.

3. వైద్య ఆరోగ్య శాఖకు: బాలింతల ఇంటికి వెళ్ళే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు మొదటి రెండు వారాల్లో జ్వరం, రక్తస్రావం అడిగినట్టే నిద్ర, అనుమానాలు, మాట తీరు గురించి కూడా అడిగేలా శిక్షణ ఇవ్వండి. అలా గుర్తించినవారిని అదే రోజు దవాఖానకు చేర్చండి. ఆ రెండు వారాలు దాటకపోతే ఒక కాపురం నిలబడవచ్చు.

4. అదే శాఖకు: అత్యావశ్యక మందుల జాబితాలోని మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వ దవాఖానలన్నింటిలో ఎల్లప్పుడూ ఉచితంగా ఉండాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చెబుతున్నది. దాని ప్రకారం మందులు నెలనెలా అందాలి, రక్తనమూనా అక్కడే తీసుకొని నగరానికి పంపాలి. స్త్రీ రోగితో బంధువులు లేకుండా మాట్లాడే సమయం ప్రతి ఓపీలోనూ ఉండాలి. ఫోనులో మానసిక సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి పల్లె దవాఖాన గోడ మీద, అంగన్‌వాడీ గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి.

5. కలెక్టర్లకు: మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేసి ఎంచుకోవచ్చునని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్‌లో ఉన్నది. పంచాయితీ రాయించుకున్న కాగితానికి ఉన్నంత విలువ అయినా ఈ తెల్లకాగితానికి మీ కార్యాలయాల్లో దక్కాలి. వైకల్య ధ్రువీకరణ పత్రం వివరాలు ఆమె అనుమతి లేకుండా బంధువుల చేతికి వెళ్ళకుండా చూడండి. భూమి పట్టా మార్పిడి సమయంలో మానసిక అనారోగ్యం ఉన్న ఆడపిల్ల వాటా వదులుకుంటున్నట్టు రాసి ఇస్తే, ఆమెను విడిగా పిలిచి అడగకుండా పని పూర్తి చేయవద్దని తహసీల్దార్లకు చెప్పండి. ఎవరూ లేని స్త్రీలు దవాఖానలోనో వీధిలోనో మిగిలిపోకుండా, కొంత తోడుతో కొంత స్వతంత్రంగా ఉండగల వసతి గృహం ఒక్కటైనా ఈ ఆరు జిల్లాలకు కలిపి ఏర్పాటు చేయండి.

6. పెద్దమనుషులకు: మీరు మమ్మల్ని కలిపి ఉంచగలిగిన సందర్భాలు ఉన్నాయి, వాటికి దండం పెడుతున్నాము. ఇకమీదట మందుల చీటీ మీ ముందుకు వస్తే, అది రాసిన డాక్టరును కలిసి రండి అని ఆ రెండు కుటుంబాలనూ వెనక్కి పంపండి. బిడ్డలు ఎవరి దగ్గర ఉండాలో మీరు రాయించవద్దు.

మా మూడో అర్జీ రసీదు నా దగ్గర ఉన్నది. కలెక్టర్లలో గానీ కార్యదర్శులలో గానీ ఎవరు పిలిచినా దానిని తీసుకొని వస్తాను. నాతోపాటు మా చెల్లె కూడా వస్తుంది, తన మాట తానే చెబుతుంది.

ఈ లేఖను పంపే ముందు ఆమెకు చదివి వినిపించాను. తన మరిది గురించి నేను రాసిన రెండు వాక్యాలు తీసివేయమంది, తీసివేశాను. బావి దగ్గర సంగతి ఉంచమంది. ఒక కోరిక చేర్చమంది. దానిని ఆమె మాటల్లోనే రాస్తున్నాను: “నా కొడుకు ఇప్పుడు ఏ బడిలో చదువుతున్నడో నాకు చెప్పాలె.”

భవదీయురాలు,
ఒక అక్క,
హనుమకొండ